1983 స్కాచ్ విస్కీ డిస్టిలరీల మూసివేత

1983వ సంవత్సరము స్కాచ్ విస్కీ చరిత్రలో గడ్డుకాలము. ఆ యేడు స్కాట్లండులోని అతిపెద్ద విస్కీ సంస్థయైన డిస్టిలర్స్ కంపెనీ లిమిటెడ్ (డి.సి.ఎల్.) తన మాల్ట్ డిస్టిలరీలలో 11 డిస్టిలరీలను మూసివేసినది. అప్పట్లో గిరాకీ లేదని మూతపడిన పోర్ట్ ఎల్లెన్, బ్రోరాల పాత విస్కీలు తరువాతి కాలములో అత్యంత ఖరీదైనవిగా పేరుపొందినవి.

నేపథ్యము

స్కాట్లండులో కాచిన మద్యము స్కాచ్ విస్కీ అనిపించుకొనవలెనన్న కనీసము 3 సంవత్సరములు ఓక్ పీపాలలో నిల్వయుండవలెను. పేరొందిన మాల్ట్ విస్కీలలో చాలావాటికి 10 ఏండ్లు, అంతకు మించి పట్టును. అందుచేత ఎంత కాచవలెనన్నది నాటి గిరాకీని బట్టి గాక, పదేండ్ల తరువాతి గిరాకీని ఊహించి నిర్ణయింపవలసియుండును. 1960వ దశకములో ఎగుమతులు బాగుగా పెరుగుటచే సంస్థలు ఉత్పత్తిని విస్తరించినవి.

ప్రపంచ పరిణామముల ప్రభావము

1973 అరబ్బు-ఇజ్రాయెలు యుద్ధము, 1979 ఇరాన్ విప్లవముల పిదప చమురు ధరలు పెరిగి, పలు దేశములలో ఆర్థిక మాంద్యము ఏర్పడినది. బ్రిటనులో 1979 నవంబరులో కనీస వడ్డీ రేటు 17 శాతమునకు చేరినది. ఏండ్ల తరబడి పీపాలలో పెట్టుబడిని నిలిపియుంచవలసిన ఈ పరిశ్రమకు అది పెనుభారమైనది. 1982 జనవరిలో ఆ దేశములో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటినది. వోడ్కా వంటి పానీయములకు ఆదరణ పెరుగుట మరియొక కారణము. అమ్ముడుపోక పేరుకొనిన నిల్వలను "విస్కీ సరస్సు" అని వ్యవహరించిరి.

మూతపడిన డిస్టిలరీలు

బ్రోరా మార్చిలోను, ఐలా ద్వీపములోని పోర్ట్ ఎల్లెన్ మే నెలలోను ఉత్పత్తి నిలిపివేసినవి. బాన్ఫ్, బెన్‌రోమాక్, డల్లాస్ ధూ, గ్లెన్ ఆల్బిన్, గ్లెన్‌లాకీ, గ్లెన్ మోర్, నాక్‌ధూ, నార్త్ పోర్ట్, సెయింట్ మాగ్డలీన్ తక్కినవి. మార్చిలోనే ఒపెక్ పీపా చమురు ధరను 34 డాలర్ల నుండి 29 డాలర్లకు తగ్గించినను, అప్పటికే పేరుకొనిన విస్కీ నిల్వలు తరుగలేదు.

తరువాతి పరిణామములు

ఇన్వర్నెస్ పట్టణములోని గ్లెన్ ఆల్బిన్, గ్లెన్ మోర్‌లను 1986లో కూల్చివేసిరి. సెయింట్ మాగ్డలీన్ నివాస గృహములుగా మారినది. నాక్‌ధూ 1989లో, బెన్‌రోమాక్ 1998లో కొత్త యజమానుల చేతిలో తిరిగి తెరచుకొన్నవి. డి.సి.ఎల్.ను 1986లో గిన్నెస్ సంస్థ కొనుగోలు చేసినది. 1997 విలీనముతో అది డియాజియోగా మారినది. పాత పీపాలలో మిగిలిన పోర్ట్ ఎల్లెన్‌ను 2001 నుండి, బ్రోరాను 2002 నుండి డియాజియో ప్రత్యేక విడుదలలుగా అమ్మినది. నిల్వ తరుగుకొలది ధర పెరిగినది. 2017లో ఈ రెండింటిని పునరుద్ధరింపనున్నట్లు ఆ సంస్థ ప్రకటించినది. బ్రోరా 2021లో, పోర్ట్ ఎల్లెన్ 2024లో మరల ఉత్పత్తి ప్రారంభించినవి.

ఇవి కూడా చూడండి

* విస్కీ
* స్కాట్లండు
* 1973 చమురు సంక్షోభము