మాట అంకెలైన కథ



మన నాందేడు జిల్లా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఆ ఏడాది బొంబాయి రాష్ట్రంలో కలిసింది. 1960లో మహారాష్ట్ర ఏర్పడింది. చుట్టరికాలు మాత్రం నిజామాబాదులోనూ ఆదిలాబాదులోనూ ఉండిపోయాయి. దేగ్లూరు నుంచో ధర్మాబాదు నుంచో వాళ్లతో మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేసి కాచుకోవడం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. తీరా లైను కలిస్తే మాటకన్నా గరగరే ఎక్కువ.

ఆ గరగర ఎక్కడిది? ఫోనులో మన గొంతు ఎగుడుదిగుడు విద్యుత్ అలగా మారి తీగ వెంట పోతుంది. ఇదే అనలాగ్ సంకేతం. దూరం పోయేకొద్దీ అది నీరసిస్తుంది. దారిలో యాంప్లిఫయరు పెడితే మాటతోపాటు గరగరా పెరుగుతుంది.

దీనికి విరుగుడు 1937లో, పారిస్‌లో పనిచేస్తున్న అలెక్ రీవ్స్ అనే ఆంగ్లేయ ఇంజనీరుకు తట్టింది. అలను కాక, అల కొలతలను పంపాలన్నది ఆయన ఆలోచన. ఆసుపత్రిలో నర్సు వేళకు వేళకు జ్వరం చూసి చార్టులో గుర్తుపెడితే, ఆ చుక్కలు కలిపి డాక్టరు జ్వరం తీరు తెలుసుకోవడం లేదూ? అలాంటిదే ఇది.

ఫోను మోసే గొంతులో కంపనాలు సెకనుకు సుమారు 3,400 దాకా ఉంటాయి. దానికి రెట్టింపుకు మించి కొలిస్తేనే అల తిరిగి సరిగా వస్తుంది. అందుకే సెకనుకు 8,000 సార్లు కొలుస్తారు. ప్రతి కొలతనూ 256 మెట్లలో దగ్గరి మెట్టుకు సర్ది, ఎనిమిది సున్నా-ఒకట్లుగా రాస్తారు. దారిలో గరగర కలిసినా, వచ్చింది సున్నానా ఒకటా అని తేల్చుకుంటే చాలు, మళ్లీ శుభ్రంగా రాసి పంపవచ్చు. అవతలి కొసన అంకెలు తిరిగి గొంతవుతాయి.

రీవ్స్ కాలపు వాల్వులతో ఇది ఖరీదైన పని. ట్రాన్సిస్టర్లు వచ్చాక, 1962లో అమెరికా ఫోను లైన్లలో వాడుకలోకి వచ్చింది. మన దేశంలో 1984లో సీ-డాట్ సంస్థ ఏర్పడింది. ఏసీ గది అక్కరలేని దాని పల్లె ఎక్స్‌ఛేంజి 1986లో కర్ణాటకలోని కిట్టూరులో మొదలైంది.

ఇంట్లో పాత క్యాసెట్టూ అనలాగే. కాపీ మీద కాపీ తీస్తే గరగర పెరుగుతుంది. అంకెల కాపీకి ఆ బాధ లేదు. అయితే ఒక్క మాట. అరిగిపోయిన టేపును అంకెల్లోకి మారిస్తే అరిగిన గొంతే మిగులుతుంది, పోయింది తిరిగి రాదు. మరాఠీ, ఉర్దూ కలగలిసిన మన సరిహద్దు తెలుగు పుస్తకాల్లో అరుదు. అమ్మమ్మల పెళ్లిపాటలు క్యాసెట్లలో ఉంటే, టేపు ఇంకా తిరుగుతుండగానే కంప్యూటరులోకి ఎక్కించండి.