తుంగభద్ర యొడ్డున అలంపురము

కర్నూలు వద్ద తుంగభద్రను దాటి మేము అలంపురము చేరుసరికి ప్రొద్దెక్కినది. శ్రీశైలమునకు పశ్చిమద్వారమని పెద్దలు కొనియాడిన క్షేత్రమిది. బాదామి చాళుక్యుల కాలమున, 7, 8 శతాబ్దములలో వెలసిన తొమ్మిది ఆలయములు ఇచట కలవు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మలని వాని పేర్లు. పేర్లకు బ్రహ్మలేగాని గర్భగృహములలో నున్నవి శివలింగములు.

ఆలయములను చూడగనే మాకొక వింత తోచినది. మన దక్షిణాది గుడులవలె అంతస్తులుగా లేచిన విమానములు కావివి. ఒడిదుడుకులు లేని వంపుతో పైకి సాగి, శిరస్సున ఉసిరికకాయవంటి ఆమలకమును ధరించిన ఉత్తరాది శిఖరములు. తారకబ్రహ్మ యొక్కటే దక్షిణపు రీతి నవలంబించినది. రెండు శిల్పసంప్రదాయములు ఒకే ఆవరణలో ఇరుగుపొరుగులుగా నిలిచినవి. స్వర్గబ్రహ్మాలయము వీనిలో మిక్కిలి సొగసైనది. వినయాదిత్యుని (681–696) పాలనలో, ఆతని రాణి గౌరవార్థము లోకాదిత్యుడు దీనిని కట్టించినట్లు శాసనము చెప్పుచున్నది.

బాలబ్రహ్మకు నేటికిని నిత్యపూజలు జరుగుచున్నవి. జోగులాంబ ఆలయము 14వ శతాబ్ది చివర దాడులలో నశింపగా, అమ్మవారు శతాబ్దములపాటు బాలబ్రహ్మాలయముననే తలదాచుకొన్నది. 2005లో ఆమెకు మరల స్వంత ఆలయ మేర్పడినది.

ఊరి యంచున మరియొక గుడి కలదు. తొందరలో నున్న యాత్రికులు దానిని చూడకయే మరలుదురు. అది కూడవెల్లి సంగమేశ్వరాలయము. కృష్ణా తుంగభద్రలు కలియుచోట వేయేండ్లకు పైగా నిలిచిన కట్టడము. శ్రీశైలము జలాశయము క్రింద మునుగనున్నదని తెలిసి, రాళ్లను ఒక్కొక్కటిగా విప్పి, గుర్తులు వేసి, ఇచటికి తెచ్చి మరల పేర్చినారు. అతుకు కనబడనంత నేర్పుతో చేసిన పని యది. మా వెంట నడచిన వృద్ధుడు మునిగిన ఊరివాడట. ఆ మెచ్చుకోలు విని, “దేవుడొచ్చిండు గానీ ఏరు రాలే సారూ” అన్నాడు.

మాకు సమాధానము తోచలేదు. ఆ జలాశయము పొలములకు నీరును, ఇండ్లకు దీపమును ఇచ్చినది. మన రేడియో పలుకుటకును విద్యుత్తే కావలెను గదా! కాని అందుకు వెల చెల్లించినవారిలో ఈ వృద్ధుడొకడు. గుడిరాళ్లకు సంఖ్యలు వేసినారు. ఆతని యింటి రాళ్లకు ఎవరును వేయలేదు.

అలంపురమును కాపాడుటకై నదివైపు పెద్దకట్ట కట్టినారు. అయినను 2009 అక్టోబరు వరదలో నీరు క్షేత్రములోనికి చొచ్చినది. ఇట్టి తావున పదమూడు శతాబ్దములనాటి కట్టడములు నిలుచుట ఒకనాడు కట్టినవారి గొప్పతనముచేతనే కాదు, ప్రతి తరమును కొంత శ్రమకోర్చుటచేత.

అలంపురము వెళ్లువారు నవబ్రహ్మలతో ఆగక, సంగమేశ్వరమునకును నడచి రండు. అచట కూడవెల్లివా రెవరైన కనబడిన, మునిగిన ఊరిని గూర్చి అడుగుడు. ఆ ఊరు ఇంకను వారి మాటలలో మాత్రమే మిగిలియున్నది.