కండరాల నొప్పికి పౌడర్లు, పెప్టైడ్ సూదులు: పరిశోధన ఏం చెబుతోంది?

నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌కు 2017లో భుజానికి గాయమైంది. ఆపరేషన్ చేయించుకుని, చాలాకాలం రింగ్‌కు దూరంగా ఉండి, 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. అదే ఊరి హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్‌లో మోకాలి గాయం వల్ల సెమీఫైనల్ ఆడలేక కాంస్యంతో సరిపెట్టుకున్నారు. దెబ్బ మానడానికి పట్టే టైమ్ పట్టాల్సిందే. ఇందల్వాయి నుంచి నిజామాబాద్ జిమ్‌లకో, కానిస్టేబుల్ పరుగు ప్రాక్టీసుకో వెళ్లే కుర్రాళ్లకు మాత్రం ఆ టైమ్ తగ్గిస్తామనే డబ్బాలు, సీసాలు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి.

బరువులెత్తితే కండ పోగుల్లో సన్నని చీలికలు వస్తాయి. రెండు మూడు రోజుల నొప్పి అందుకే. వాటిని శరీరం ప్రొటీన్‌తో అతుకుతుంది. మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని ఐసీఎంఆర్ లెక్క. బరువులెత్తేవారిపై జరిగిన 49 అధ్యయనాలను 2018లో కలిపి చూస్తే, కిలోకు 1.6 గ్రాములు దాటాక కండ పెరుగుదలకు అదనపు లాభం పెద్దగా కనిపించలేదు. అంటే 60 కిలోల కుర్రాడికి 96 గ్రాములు. ఒక గుడ్డులో 6, గ్లాసు పాలలో 8 గ్రాములు, పప్పు, చికెన్ సరేసరి. ఇంటి వంటతోనే చాలావరకు వచ్చేస్తుంది. రంజాన్‌లో ఇదే మొత్తాన్ని ఇఫ్తార్, సహరీలకు పంచుకోవాలి.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రొటీన్ పౌడర్లు వద్దనే చెప్పింది. ఎక్కువకాలం, ఎక్కువ మోతాదులో వాడితే కిడ్నీలకు, ఎముకలకు నష్టమని హెచ్చరించింది. అదే ఏడాది మన దేశంలో అమ్మే 36 పౌడర్లను పరీక్షిస్తే 25 డబ్బాల్లో ప్రొటీన్ లేబుల్ మీద రాసినట్టు లేదు. డబ్బాల్లో కాస్త గట్టి ఆధారం ఉన్నది క్రియాటిన్‌కే. రోజుకు 3 నుంచి 5 గ్రాములు బలం పెంచుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోవద్దు.

అసలు భయం సూదులతోనే. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. షుగర్ రోగుల ఇన్సులిన్ కూడా పెప్టైడే, కాబట్టి ఆ పేరే చెడ్డదని కాదు. కానీ జిమ్‌లలో వినపడే బీపీసీ-157 సంగతి వేరు. కండను ఎముకకు కలిపే టెండన్లు దాంతో త్వరగా మానాయని తేలింది ఎక్కువగా ఎలుకల్లోనే. మనుషులపై జరిగిన అధ్యయనాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, అవీ చాలా చిన్నవి. మందుగా ఆమోదం లేని పదార్థాల కింద ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, వాడా, 2022లో దీన్ని నిషేధించింది. టీబీ-500 కూడా నిషేధమే. 'పరిశోధనకు మాత్రమే' అని రాసి అమ్మే సీసాలో ఏముందో, అది శుభ్రమైనదో కాదో కొన్నవాడికి తెలిసే దారి లేదు.

ఆస్ట్రేలియాలో ఎసెండన్ ఫుట్‌బాల్ క్లబ్ 2012లో ఆటగాళ్లకు సూదులు వేయించింది. అందులో థైమోసిన్ బీటా-4 ఉందని నిర్ధారించి క్రీడా ఆర్బిట్రేషన్ కోర్టు 2016లో 34 మందిని రెండేళ్లు నిషేధించింది. అనుమతి ఉన్న మందే అనుకున్నామన్న వాదన వాళ్లను కాపాడలేదు. మన నాడా రూల్ కూడా అంతే: ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే.

ఇక హలాల్ సంగతి. క్యాప్సూల్ తొడుగు చాలాసార్లు జెలటిన్‌తో చేస్తారు. కొల్లాజెన్ పెప్టైడ్లు పశువు, పంది లేదా చేప చర్మం, ఎముకల నుంచి వస్తాయి. ఆకుపచ్చ గుర్తుంటే జెలటిన్ ఉండకూడదు. గోధుమ రంగు గుర్తు మాత్రం ఏ జంతువో చెప్పదు, హలాల్ ముద్ర చూడాలి లేదా కంపెనీని అడగాలి. అన్నట్టు, చల్లారిన పాయా గడ్డకట్టేది కూడా ఈ జెలటిన్‌తోనే.