పాస్‌వర్డ్ నుంచి పాస్‌ఫ్రేజ్ దాకా

1990లలో కంప్యూటర్ ఉద్యోగాల్లో చేరిన మనవాళ్లకు టెల్నెట్ గుర్తుండే ఉంటుంది. దూరాన ఉన్న యంత్రంలోకి వెళ్లడానికి కొట్టిన పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాతలా బాహాటంగా ప్రయాణించేది.

కంప్యూటర్ పాస్‌వర్డ్ అంతకంటే పాతది. 1960ల ఆరంభంలో అమెరికాలోని ఎమ్ఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం, ఒకే కంప్యూటర్‌ను పలువురు పంచుకునే సీటీఎస్ఎస్‌లో దాన్ని వాడింది. ఆ దశాబ్దంలోనే అక్కడ రెండు ఫైళ్లు తారుమారై, లాగిన్ అయినవాళ్లకు ఆనాటి సందేశానికి బదులు అందరి పాస్‌వర్డ్‌లూ దర్శనమిచ్చాయి! యూనిక్స్‌లో పాస్‌వర్డ్‌ను వెనక్కి విప్పలేని రూపంలో దాచే పద్ధతిని రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో వివరించారు. దాచడం బాగుపడింది గానీ పోస్టుకార్డు ప్రయాణం మారలేదు.

1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు చోరీ అయ్యాయి. దాంతో అక్కడి తాతు యూలోనెన్ ఎస్ఎస్‌హెచ్ రాశారు. అందులో దారి పొడవునా మాటలు సంకేతలిపిలోనే వెళతాయి. నాకు అంతకన్నా నచ్చింది కీల జత. తాళంకప్పలాంటి పబ్లిక్ కీని సర్వర్‌లో పెడతాం. తాళంచెవిలాంటి ప్రైవేట్ కీ మన దగ్గరే ఉంటుంది. దాన్ని భద్రపరిచే పెట్టె పాస్‌ఫ్రేజ్. ఒక్క మాట కాదు, వాక్యమంత పొడవు. సర్వర్ దాన్ని అడగదు, అది మన యంత్రం దాటదు.

ఎస్ఎస్‌హెచ్-కీజెన్ అని కొడితే కీల జత తయారవుతూ పాస్‌ఫ్రేజ్ రెండుసార్లు అడుగుతుంది. ఉత్త ఎంటర్ కొట్టినా ఊరుకుంటుంది. ఇప్పటి కుర్రాళ్లు చాలామంది చేసేది అదే. ఇక ల్యాప్‌టాప్ పోతే తాళంచెవీ పోయినట్టే. నేనైతే పొంతన లేని అయిదారు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాను. బడిలో వల్లెవేసిన పద్యాలు మాత్రం వాడను. అవి మన బ్యాచ్ మొత్తానికీ వచ్చు.