బెజవాడ రోడ్డు మీద యుద్ధం

విజయవాడలో హైదరాబాదు బస్సెక్కితే గంట తిరక్కముందే పరిటాల వస్తుంది. 135 అడుగుల ఆంజనేయ విగ్రహం అల్లంత దూరం నుంచే కనిపిస్తుంది. బస్సులో సగం మంది చేతులు జోడిస్తారు. 1947 ఆగస్టు 15న బెజవాడలో మువ్వన్నెల జెండా ఎగిరిన రోజున ఈ ఊరికి మాత్రం స్వాతంత్ర్యం రాలేదు. చుట్టూ కృష్ణా జిల్లా, నడిమధ్య నిజాం ఏలుబడిలో పరిటాల!

దీనికి మూలం వజ్రాలు. 1766లో ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి వదిలేసిన నిజాం, కృష్ణ ఒడ్డున వజ్రాలు దొరికే ఊళ్ళను మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. కంపెనీ పోయింది, తెల్లదొరల రాజ్యమూ పోయింది. ఆనాడు గీసిన గీత మాత్రం అలాగే ఉండిపోయింది. సరిగ్గా దీనికి తలకిందులుగా ఉండేది మునగాల పరగణా. నాలుగు పక్కలా నిజాం నేల, పరగణా మాత్రం కృష్ణా జిల్లా నందిగామ తాలూకాది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలియడానికి అండగా నిలిచిన రాజా నాయని వెంకట రంగారావు ఈ మునగాల జమీందారే.

హైదరాబాదు మీద జరిగిన యుద్ధాన్ని అయిదు రోజుల ‘పోలీసు చర్య’ అని పాఠ్యపుస్తకాలు తేల్చేశాయి. ఈ రోడ్డు వెంట ఊళ్ళ కథ తెలిసినవారికి ఆ లెక్క సరిపోదు.

బ్రిటిషువారు వెళ్ళిపోతూ సంస్థానాల మీద తమ అధికారం ముగిసిందన్నారు. నిజాం ఇటు ఇండియాలోనూ అటు పాకిస్తాన్‌లోనూ చేరనన్నాడు. పరిటాల జనం ఆయన నిర్ణయం కోసం కూర్చోలేదు. ఇరుగుపొరుగు నిజాం గ్రామాలను కలుపుకొని 1947 చివర్లో తమకు తామే స్వతంత్రం ప్రకటించుకున్నారు. ఢిల్లీ సైన్యం కదలడానికి ఇంకా పది నెలలుంది.

సరిహద్దు అవతల నిజాం రాజ్యంలో అప్పటికే నెత్తురు పారుతోంది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద కాల్పులు జరిపి దొడ్డి కొమరయ్యను చంపారు. వెట్టికీ భూమి గుంజుకోవడానికీ ఎదురుతిరిగిన ఆంధ్ర మహాసభను జనం ‘గుత్పల సంఘం’ అన్నారు. గుత్ప అంటే దుడ్డుకర్ర. మొదట్లో వాళ్ళ ఆయుధాలు అవే: గుత్ప, కారప్పొడి, వడిసెల. వడిసెల అంటే ఈ తరానికి తెలియకపోవచ్చు. రెండు పేటల తాడు, నడుమ రాయి నిలిచేంత అల్లిక. జొన్నచేలో మంచె మీద నిలబడి, రాయి పెట్టి తల చుట్టూ గిరగిరా తిప్పి ఒక కొస వదిలితే పిట్టలు చెల్లాచెదురయ్యేవి. అదే వడిసెల గడీల మీదికి, పోలీసుల మీదికి తిరిగింది. తుపాకులు తర్వాత వచ్చాయి.

ఈ పోరుకు బెజవాడ వెన్నెముక. ఉమ్మడి ఆంధ్ర కమ్యూనిస్టుల కేంద్రం ఇక్కడే, ‘ప్రజాశక్తి’ పత్రిక ఇక్కడే. నిజాం పక్షాన చెలరేగిన రజాకార్ల దాడులకు తాళలేక సరిహద్దు దాటిన కుటుంబాలు ముందు జగ్గయ్యపేట చేరేవి, ఆ తర్వాత బెజవాడ. కాంగ్రెసు కూడా సరిహద్దు వెంబడి శిబిరాలు నడిపింది. ఆశయాలు వేరైనా ఇద్దరి ముందూ ఉన్న శత్రువు ఒకడే.

1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున సైన్యం కదిలింది. ప్రధాన దళం మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో షోలాపూర్ నుంచి బయల్దేరింది. తూర్పు దళం మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర కింద బెజవాడ నుంచి సాగింది. నిజాం సేన హంబర్, స్టాగ్‌హౌండ్ సాయుధ శకటాలతో గట్టిగానే ఎదుర్కొంది. అయినా ఎనిమిదిన్నరకల్లా కోదాడ చిక్కింది. మధ్యాహ్నానికి మునగాల. కాగితాల ప్రకారం చూస్తే సైన్యం అక్కడ కృష్ణా జిల్లా గడ్డ మీదే అడుగుపెట్టింది!

మూడోనాడు సూర్యాపేట. ముందు విమానాలు బాంబులు వేశాయి, తర్వాత గూర్ఖాలు ఊళ్ళోకి దిగారు. వెనక్కి తగ్గుతూ నిజాం సైనికులు మూసీ వంతెన పేల్చేశారు. కానీ దాన్ని కాచి కాల్పులు జరిపేందుకు ఎవరినీ నిలపలేదు. దాంతో వంతెన త్వరగానే బాగుపడింది, నార్కట్‌పల్లి కూడా చేతికొచ్చింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు, 18న ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ చౌధురి ఎదుట లొంగిపోయాడు.

ఇంత వేగం ట్యాంకుల వల్లే వచ్చిందనుకుంటే పొరపాటు. సూర్యాపేట, హుజూర్‌నగర్ పల్లెల్లో దేశ్‌ముఖులూ నిజాం అధికారులూ చాలాచోట్ల అప్పటికే పారిపోయారు. సైన్యం పడగొట్టిన గోడను అంతకుముందు రెండేళ్ళుగా లోపలి నుంచి తొలిచింది రైతులు, కూలీలు.

ఆ వారం తర్వాతి కథ చెప్పకుండా దాటేయడం అన్యాయం. సంస్థానంలో, ముఖ్యంగా పడమటి జిల్లాల్లో, వేలాది ముస్లిములు ఊచకోతకు గురయ్యారు. ప్రభుత్వమే పంపిన పండిత సుందర్‌లాల్ బృందం మృతులు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. ఇటు తెలంగాణ పల్లెల్లో సైన్యం తుపాకులు కమ్యూనిస్టుల మీదికి తిరిగాయి. పోరులో పేదలకు పంచిన భూమిని వదులుకోమన్నవారిపై పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది.

ఆ సెగ డెల్టాకూ తగిలింది. కమ్యూనిస్టుల కోసం గాలిస్తూ మలబారు పోలీసులు కృష్ణా జిల్లా పల్లెల మీద పడ్డారు. 1949లో కాటూరు, ఎలమర్రులలో మగవాళ్ళను బట్టలిప్పించి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి రెండేళ్ళు.

పరిటాల ఆ తర్వాత కృష్ణా జిల్లాలో కలిసింది. మునగాల 1959లో నల్గొండ జిల్లాకు వెళ్ళింది.