ఇంట్లో తాబేలు ఉందా? చెమ్మకు పాడవని గూడు ఇలా కట్టుకోండి.. అంతకంటే ముందు చట్టం చూడండి!

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: శ్రీసత్యసాయి జిల్లా అంటేనే కరువు నేల. ఇక్కడ తాబేలుకు చెమ్మ సమస్య ఏంటనుకుంటారు చాలామంది. కానీ సెప్టెంబర్, అక్టోబర్ వానలకు గచ్చు చల్లబడుతుంది, గోడలు ఊరుతాయి. ధర్మవరంలో గుంత మగ్గాల్లోకి నీళ్లు చేరడం నేతన్నలకు తెలిసిన కష్టమే. నేల మీద పెట్టిన తాబేలు పెట్టెకూ అదే గతి. చలి, చెమ్మ కలిస్తే తాబేలు ప్రాణానికే ముప్పు.

నక్షత్ర తాబేలు అయితే పెంచకూడదు

నల్లటి డిప్ప మీద పసుపు చారలు నక్షత్రాల్లా ఉంటే అది నక్షత్ర తాబేలు. అదృష్టం వస్తుందని కొందరు ఇంట్లో పెట్టేసుకుంటారు. ఇది నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972లో ఇది షెడ్యూల్-1 జీవి. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం రూ.25 వేల జరిమానా తప్పదు. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా నిషేధించారు. పొలంలోనో రోడ్డు పక్కనో కనిపిస్తే ఇంటికి తేవద్దు. ఎవరి దగ్గరైనా ఉంటే అటవీ శాఖకు అప్పగించాలి. సొంతంగా తీసుకెళ్లి ఎక్కడో గుట్టల్లో వదిలేస్తే ఒకచోటి రోగాలు మరోచోటికి పాకుతాయి.

మరి ఏది పెంచుకోవచ్చు?

ఆఫ్రికాకు చెందిన సల్కాటా లాంటి విదేశీ జాతులు ఉంటే, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. ఒక్క మాట గుర్తుంచుకోండి. అరచేతిలో పట్టే సల్కాటా పిల్ల పెద్దయ్యాక 40 కిలోలు దాటొచ్చు. దశాబ్దాల పాటు బతుకుతుంది. కాబట్టి ఇంట్లో గూడు పిల్లగా ఉన్నంతవరకే. తర్వాత పెరడు కావాల్సిందే.

గూడు ఎలా కట్టాలి?

* చెక్క: షాపులో 'ఎంఆర్' గ్రేడ్ ప్లైవుడ్ చూపిస్తారు. అది గాలిలోని తేమను తట్టుకుంటుందే తప్ప, రోజూ తడిస్తే ఉబ్బిపోతుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ ప్లైవుడ్ గానీ, పీవీసీ బోర్డు గానీ అడగండి.

* అంచులు: నీళ్లు ముందు దిగేది కోసిన అంచుల్లోకే. లోపలంతా ఎపాక్సీ పెయింట్ రెండు కోట్లు వేసి, మూలల్లో సిలికాన్ పట్టించాలి. పూర్తిగా ఆరి, వాసన పోయాకే తాబేలును వదలాలి.

* కాళ్లు: పెట్టెను నేల మీద నుంచి కనీసం అర అడుగు ఎత్తులో, గోడకు కాస్త ఎడంగా పెట్టాలి. చెద కూడా త్వరగా పట్టదు.

* అడుగు: మందపాటి టార్పాలిన్ లేదా పీవీసీ షీట్ పరిచి, అంచులు గోడల మీదకు అరచెయ్యి ఎత్తు మడవాలి. దానిపై నాలుగు అంగుళాల మందాన కొబ్బరి పొట్టు వేయాలి.

* గాలి: రెండు వైపులా పైభాగంలో జాలీ ఉంచాలి. గాలి ఆడకపోతే బూజు పడుతుంది.

పూర్తిగా ఎండగట్టొద్దు

సల్కాటా ఎడారి జీవే అయినా ఎండ వేళల్లో చెమ్మ ఉండే బొరియల్లో దాక్కుంటుంది. పిల్లలను మరీ పొడిగా ఉంచితే డిప్ప గుట్టలు గుట్టలుగా పెరుగుతుంది. అందుకే పొట్టు అడుగు భాగం చెమ్మగా, పైభాగం పొడిగా ఉండాలి. చెమ్మ పొట్టులో ఉండాలి, చెక్కలోకి దిగకూడదు. ఇదే అసలు సూత్రం.

ఒక మూల బల్బు కింద 35 డిగ్రీలు, రెండో మూల 27 డిగ్రీల వరకు వేడి ఉండాలి. ఎముకలకు, డిప్పకు యూవీబీ లైట్ కూడా కావాలి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ ఆ పని చేయదు. చలి రాత్రుల్లో వేడి తగ్గకుండా వెలుగు రాని సెరామిక్ హీటర్ వాడొచ్చు. రూ.వందల్లో దొరికే తేమ మీటర్ ఒకటి లోపల పెట్టుకోండి.

ఈ లక్షణాలు కనిపిస్తే..

ముక్కు నుంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం, డిప్ప మెత్తబడటం, దుర్వాసన.. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. వెంటనే పశువైద్యుడికి చూపించాలి. తాబేలును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. సాల్మొనెల్లా బ్యాక్టీరియా సోకే ప్రమాదం పిల్లలకే ఎక్కువ.