ఇంటి పియానో నాదమును పదిలపరచిన చరిత్ర

నూరేండ్ల చరిత్రను వ్రాయబూనినపుడు పేర్లు, తేదీలు, కట్టడముల వివరములు కొంత వెదకినచో దొరకును. ఆయా కాలములలో వాయించినవారి నాదము మాత్రము ఎవరో ఒకరు నాడే పట్టి ఉంచిననే తప్ప దొరకదు. అందుచేత ఇంటిలోని పియానోను కొద్దిపాటి ఖర్చుతో రికార్డు చేయుటను గూర్చి, దాని పూర్వచరిత్రతో సహా, నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

థామస్ ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును కనుగొనెను. అటుపిమ్మట పండ్రెండేండ్లకు, 1889 డిసెంబరు 2న, ఆయన సహాయకుడైన థియో వాంగెమన్ ఆ యంత్రమును వియన్నా నగరములో ఫెల్లింగర్ కుటుంబము వారి ఇంటికి తెచ్చెను. అక్కడ యోహానెస్ బ్రామ్స్ తాను రచించిన మొదటి హంగేరియన్ నృత్యములో కొంత భాగమును పియానోపై వాయించెను. ఆ మైనపు గొట్టము అరిగిపోయినందున నేడు మనకు గరగర శబ్దమే ఎక్కువగా వినబడును. అయినను ఆ మహనీయుని చేతివాటమును తెలుపు ధ్వని సాక్ష్యము అదే. అది స్టూడియోలో గాక ఒక గృహస్థుని ఇంటిలో తీసినదని మేము ముఖ్యముగా గమనించుచున్నాము.

మాస్కోలో జూలియస్ బ్లాక్ అను వర్తకుడు కూడ 1890వ దశకములో తన ఇంటికి వచ్చిన సంగీతజ్ఞులచేత ఇట్లే వాయింపజేసి భద్రపరచెను. పోయినవనుకొన్న ఆ గొట్టములు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బయటపడగా, 2008లో వాటి ప్రతులు సంగీతప్రియులకు అందినవి.

పియానోను పట్టుట మొదటినుండియు కష్టమే. దాని 88 మెట్లలో అడుగు స్వరము సెకనుకు 27.5 కంపనములు, పై స్వరము 4,186 కంపనములు గలది. పాతకాలపు కొమ్ముబూర యంత్రము సుమారు 250 నుండి 2,500 వరకే పట్టగలిగెడిది. 1925లో మైక్రోఫోనుతో విద్యుత్ రికార్డింగు వచ్చినపుడు ఈ కొరత చాలవరకు తీరినది. 1931లో ఇంగ్లండులో అలన్ బ్లమ్లైన్ రెండు మైకుల స్టీరియో పద్ధతికి పేటెంటు కోరెను. 1935లో జర్మనీలో టేపు యంత్రము ప్రదర్శింపబడినది. 1963లో క్యాసెట్టు, 1979లో క్యాసెట్టుపైనే నాలుగు ట్రాకులు పట్టు యంత్రము వచ్చి, రికార్డింగును సామాన్యుల ఇండ్లకు చేర్చినవి.

నేడు చేతిలో ఇమిడే చిన్న డిజిటల్ రికార్డరు ఒక్కటి ఉన్నను పని జరుగును. అయితే ఉన్న కొద్ది సొమ్మును ముందుగా పియానోకు శ్రుతి చేయించుటకు వెచ్చింపవలెనని మా అభిప్రాయము. కోస్తా జిల్లాల తేమకు కొయ్య ఉబ్బి శ్రుతి తప్పును; ఆ దోషమును ఏ మైకును దాచలేదు. తరువాత గది సంగతి చూడవలెను. దళసరి తెరలు, బొంతలు, పుస్తకముల బీరువాలు ఉన్నచో గోడల ప్రతిధ్వని తగ్గును. ఫ్యాను ఆపి, వీధి సద్దుమణిగిన రాత్రివేళ కూర్చొనుట మేలు.

గోడకు ఆనించు నిలువు పియానోను గోడనుండి రెండడుగులు ఇవతలకు జరిపి, పైమూత తెరవవలెను. సొమ్ము అనుకూలించినచో ఒకే రకపు కండెన్సర్ మైకులు రెండు తీసికొని, ఫ్రెంచి రేడియో వారి పద్ధతి ప్రకారము వాటిని 17 సెంటీమీటర్ల ఎడముతో, 110 డిగ్రీల కోణములో నిలుపవచ్చును. దగ్గరగా పెట్టినచో సుత్తుల చప్పుడు, దూరముగా పెట్టినచో గది మ్రోత హెచ్చును. కనుక జానెడు జానెడు జరుపుచు, తీసినదానిని వినుచు చోటు నిర్ణయించుకొనవలెను. అతి గట్టిగా వాయించినపుడును మీటరు మైనస్ 10 డెసిబెల్సు దాటకుండ చూచినచో ధ్వని పగులదు.

వాయించినవారి పేరును, తేదీని, పాట పేరును మొదటనే నోటితో చెప్పి రికార్డు చేయవలెను. ధ్వనిని కుదింపక వేవ్ రూపములో ఉంచి, వేర్వేరు ఇండ్లలో రెండు ప్రతులు దాచవలెను. మనలో పియానో ఉన్న ఇండ్లు కొద్దియే. వాటిని వాయించు పెద్దలు ఇంకను కొద్దిమంది. వారి వ్రేళ్లలో సత్తువ ఉన్నప్పుడే ఈ పనికి పూనుకొనవలసినదిగా ఆయా కుటుంబములవారిని మేము కోరుచున్నాము.